తోడల్లుళ్లూ, తటపటాయించే బండీ

అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కార్ల షెడ్డులో పాతికేళ్ల పైగా ఇంజన్లు విని విని ఆయనకు చెవి మేస్త్రి అనే పేరు స్థిరపడిపోయింది. కర్రపిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. రెండు నిమిషాలు అలా నిలబడి, "నీళ్ల పంపు బేరింగు పోతోంది, ఇంకో నెల లాగుతుంది" అనేవాడు. నూటికి తొంభైసార్లు అదే నిజమయ్యేది. మిగతా పదిసార్ల సంగతి ఆయన ఎత్తేవాడు కాదు, ఎవర్నీ ఎత్తనిచ్చేవాడూ కాదు.

పెళ్లి కూడా ఆ చెవి పుణ్యాన అయిందే. ఇంటింటికీ వెళ్లి బాలింతల్నీ, మంచాన పడ్డవాళ్లనీ చూసే నర్సమ్మ ఒకావిడ కొత్తగా కొనుక్కున్న చిన్న కారేసుకుని షెడ్డుకొచ్చేది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. మనిషి మహా నిక్కచ్చి. బండిలో ఏదో కీచుమంటోందని నలుగురు మేస్త్రీలకు చూపించి విసిగిపోయి వచ్చిందొకసారి. ఈయన ఒక్కసారి విని, బానెట్ కింద ఊడిన రబ్బరు ముక్కను తీసి చేతిలో పెట్టాడు. డబ్బులొద్దన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా పెద్దకూతుర్నిచ్చి చేసింది.

అప్పట్నుంచీ ఆ కారు మీద ఆయన తప్ప ఇంకొకరు చెయ్యి వెయ్యలేదు. ఇరవై రెండేళ్ల బండి, నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. క్లచ్ ప్లేట్లు మూడుసార్లు, రేడియేటరు రెండుసార్లు ఆయన చేతి మీదే మారాయి. అత్తగారు పదిమందిలో "మా అల్లుడుంటే నాకు కారు గురించి దిగుల్లేదు" అంటుంటే ఆయన ఏమీ విననట్టు గోడకేసి చూసేవాడు. ఆ మాట కోసం ఎంత దూరమైనా నడిచొచ్చేవాడు.

అప్పుడామెకు అల్లుడు ఒక్కడే.

ఏడేళ్ల క్రితం చిన్నకూతురి పెళ్లయింది. వచ్చినవాడూ మెకానిక్కే కావడం మేస్త్రి నుదుటిరాత. రెండు వీధుల అవతల గ్యారేజీ పెట్టాడు. నేలంతా పలకలు, కారును పైకెత్తే లిఫ్టు, గోడకు వరసగా తగిలించిన పనిముట్లు. డాష్‌బోర్డు కింద ఒక తీగ గుచ్చితే ఇంజను రోగమంతా తెర మీద చూపించే మిషనొకటి. నాలుగు నెలల్లో జనం అతనికి మిషను మేస్త్రి అని పేరు పెట్టేశారు.

చెవి మేస్త్రికి కడుపు మండిపోయింది. షెడ్డు నుంచి ఇంటికి తిన్నగా పది నిమిషాల దారి. ఆయన చుట్టు తిరిగి తోడల్లుడి గ్యారేజీ ముందునుంచి పోవడం మొదలుపెట్టాడు. బయట ఎన్ని కార్లున్నాయో ఓరకంట లెక్కపెట్టేవాడు. అయిదుంటే అన్నం సహించేది కాదు. రెండే ఉంటే పెళ్లాం ఏం వండినా బాగుందనేవాడు.

పోనీ తిట్టుకుందామంటే ఆ మనిషిలో వంకపెట్టడానికేమీ దొరకదు. ఎదురుపడితే "అన్నయ్యా, బాగున్నారా?" అని ఆగి పలకరిస్తాడు. నలుగురిలో తన మాటే పైన ఉండాలనుకోడు. తాగడు, పొగ పీల్చడు. పెళ్లాన్ని 'మీరు' అంటాడు. ఒక్క తప్పు దొరికినా సగం బాధ తీరేదని మేస్త్రి చాలాసార్లు అనుకున్నాడు. అత్తగారింట్లో అందరూ కలిసి భోంచేసిన రోజు ఆవిడ ముందెవరికి వడ్డించిందో, ఎవర్ని రెండోసారి అడిగిందో ఆయనకు వారం తర్వాత కూడా గుర్తుండేది. ఆవిడ ఫోను పనిచెయ్యకపోతే చిన్నల్లుణ్ణి పిలిచేది. సరే, ఫోనుకు పిలుచుకోనీ, కారు నాదే కదా అని మనసుకు నచ్చజెప్పుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆ కారు షెడ్డు ముందాగింది. ఆవిడకిప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ఉద్యోగం మానేసినా ఏడెనిమిది ఇళ్లకు వెళ్లి కట్లు కట్టడం, సూదిమందు వెయ్యడం మాత్రం మానలేదు.

"బండి మధ్యమధ్య తటపటాయిస్తోంది బాబూ. బాగానే పోతూ పోతూ, ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు ఒక్క క్షణం ఆగుతుంది. మళ్లీ దానంతటదే పోతుంది."

"ఎత్తు ఎక్కేటప్పుడా? ఇంజను వేడెక్కాకా?"

"అలాగని లేదు. ఒకరోజు పదిసార్లు చేస్తుంది, రెండ్రోజులు అసలు చెయ్యదు."

మేస్త్రి తాళాలు తీసుకుని నాలుగు వీధులు తిప్పాడు. ఎత్తు ఎక్కించాడు, తొక్కి పట్టాడు, ఒక్కసారిగా వదిలాడు. గుర్రంలా పోయింది. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఇరవై రెండేళ్ల ఇంజను కొంచెం దగ్గుతోంది తప్ప తేడా ఏమీ లేదు. అయినా ఉత్త చేతులతో పంపలేక ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు, గాలి వెళ్లే దారంతా కడిగాడు.

"ఇక చెయ్యదు, వెళ్లిరండి" అన్నాడు.

నాలుగో రోజుకు మళ్లీ వచ్చింది. ఈసారి ప్లగ్గు వైర్లు మార్చి, పెట్రోలు పంపు ఒత్తిడి కొలిచి పంపాడు. తర్వాతి వారం మళ్లీ. తను నడిపితే ఒక్కసారీ చెయ్యదు, ఆవిడ ఇల్లు చేరేలోపు చేస్తుంది. "మీకేమైనా అలా అనిపిస్తోందేమో అత్తయ్యా" అని నోరు జారాడు. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. ముప్పై ఏళ్లు ఒంట్లో బాగాలేనివాళ్ల మాట నమ్మి బతికిన మనిషి. తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

మరి పదిరోజులు రాలేదు. బాగుపడిందనుకున్నాడు. పదకొండో రోజు సాయంత్రం తోడల్లుడి గ్యారేజీ ముందునుంచి పోతూ తలెత్తాడు. లిఫ్టు మీద, మనిషెత్తున, ఆ కారు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. కింద మిషను మేస్త్రి లైటు పట్టుకుని నిలబడున్నాడు. తను బిగించిన ప్రతి నట్టూ వాడి కళ్లముందు బట్టల్లేకుండా నిలబడినట్టనిపించింది మేస్త్రికి. సొంత పెళ్లాన్ని పరాయివాడి పక్కన చూసినా అంత మండేది కాదేమో.

ఇంటికెళ్లి చెప్పులు విసిరేశాడు.

"మీ అమ్మకు నేను పనికిరాకుండా పోయానా?"

భార్యకు విషయం ముందే తెలుసు. "మిమ్మల్ని మాటిమాటికీ ఇబ్బంది పెట్టడం ఎందుకని తీసుకెళ్లిందండీ. అయినా అమ్మ బండి, అమ్మ ఇష్టం."

"ఇబ్బందా! ఇబ్బందని నేనన్నానా?"

"ఆవిడకే అనిపిస్తోందన్నారటగా."

మేస్త్రి వెళ్లి, విసిరేసిన చెప్పులు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. ఆ వారమంతా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. తోడల్లుడు బండి బాగుచేసేశాడని ఎవరు వచ్చి చెబుతారోనని రోజూ భయం. అయిదో రోజు భార్యే చెప్పింది. మిషనులో ఏ తప్పూ చూపించలేదట, అనుమానం మీద ప్లగ్గులకు కరెంటు పంపే కాయిలు మార్చాడట, రెండు రోజులు బాగానే ఉండి మళ్లీ మొదలైందట. మేస్త్రి చేతులు కడుక్కుంటూ కూనిరాగం తీశాడు.

"మా అమ్మ బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంటే మీకు పాటొస్తోందా?" అంది భార్య.

ఆయన పాట ఆపేశాడు. సంతోషం మాత్రం ఆగలేదు.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం మిషను మేస్త్రి స్వయంగా షెడ్డుకొచ్చాడు. ఏడేళ్లలో అది మొదటిసారి. మసి పట్టిన గోడల్నీ, విప్పి పడేసిన గేరుబాక్సునీ చూస్తూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అన్నయ్యా, అత్తయ్య బండి నాకు అంతుచిక్కడం లేదు. ఆ బండి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఒక్క మాట అడుగుదామని వచ్చాను."

"అడుగు."

"యాక్సిలరేటరు ఎంత తొక్కామో ఇంజనుకు చెప్పే సెన్సారుంటుంది కదా, గాలి గొట్టం పక్కన. అదెప్పుడైనా మార్చారా? కంపెనీదే ఉందా ఇంకా? తెర మీద బాగానే కనిపిస్తోంది గానీ, పాతదైతే మాత్రం విప్పి చూడాలి."

ఆ సెన్సారును మేస్త్రి ఏనాడూ ముట్టుకోలేదు. బండితో వచ్చిందే. ఆ ముక్క చెబితే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్లుగా దాని జోలికి వెళ్లలేదని వీడి ముందు ఒప్పుకోవడమా? వెళ్లి అత్తగారితో, అన్నయ్య దాన్ని పట్టించుకోలేదండీ అంటే? అంతా అరక్షణంలో ఆయన బుర్రలో తిరిగింది.

"రెండేళ్ల క్రితమే మార్చాను" అన్నాడు.

"అయితే అది కాదన్నమాట. పెట్రోలు వైపే చూస్తాను. వస్తానన్నయ్యా."

అతను వెళ్లిపోయాడు. మేస్త్రి మళ్లీ గేరుబాక్సులో తల దూర్చాడు. సాయంత్రానికి ఆ అబద్ధం సంగతే మర్చిపోయాడు. ఆయన దృష్టిలో అదొక అబద్ధమే కాదు.

తర్వాతి సోమవారం అత్తగారు పెద్దరోడ్డు దాటుతోంది. సరిగ్గా మధ్యలో బండి తటపటాయించింది. వెనకున్న లారీవాడు బ్రేకు మీద లేచి నిలబడ్డా, వెనక బంపరును ముద్దచేసే ఆగాడు. ఆవిడకు దెబ్బలు తగల్లేదు. కానీ ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టి, "ఇక నేను నడపను. దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి" అంది. ఆ రోజు చూడాల్సిన వాళ్లందరికీ ఫోన్ చేసి, రాలేనని చెప్పింది.

మర్నాడు పొద్దున్న మేస్త్రి వెళ్లేసరికి ఆవిడ మందుల సంచీ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చునుంది. ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా చీర మార్చుకుని తయారై ఉంది. ఆయనకు గుండెలో కలుక్కుమంది. అదే సమయంలో, ముందు నేనే వచ్చాను, వాడింకా రాలేదు అని కూడా అనిపించింది.

"అత్తయ్యా, ఒక్కసారి మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటాను."

"ఇన్నాళ్లూ ఎందుకు కూర్చోలేదు బాబూ?"

బండిచ్చినవాళ్ల చేతిలోంచి తాళాలు లాక్కుని తనే నడపడం తప్ప, ఒకరి పక్కన ఊరికే కూర్చోవడం ఆయన వృత్తిలో లేదు. ఆవిడ చాలాసేపు వద్దంది. చివరికి, "రద్దీ లేని దారిలో అయితేనే" అని లేచింది.

అయిదు నిమిషాలు ఏమీ కాలేదు. అలవాటు కొద్దీ మేస్త్రి కళ్లు మూసుకుని చెవి రిక్కించాడు. అంతలో బండి ఆగినట్టయి ముందుకు తూలింది.

"చూశారా! నాకు అనిపిస్తోందన్నారు" అంది ఆవిడ.

ఆయనకు వినిపించిందేమీ లేదు. కళ్లు తెరిచి ఈసారి కిందికి చూశాడు. వేగం ముల్లు నలభై అయిదు మీదుంది. ఆవిడ కుడికాలు యాక్సిలరేటరు మీద మేకు కొట్టినట్టు కదలకుండా ఉంది. బండి మళ్లీ తూలింది. కాలు కదల్లేదు.

"మీరెప్పుడూ ఇంతే వేగంలో పోతారా?"

"మీ పెళ్లికి ముందు నుంచీ ఇంతే. ఎక్కువ పోతే మందు సీసాలు పగుల్తాయి."

"కొంచెం ఎక్కువ తొక్కండి." బండి సాఫీగా పోయింది. "ఇప్పుడు మళ్లీ మామూలుగా." రెండు నిమిషాల్లో తూలింది.

మేస్త్రికి విషయం తట్టింది. ఇన్నేళ్లుగా ఆవిడ కాలు ఆనేది ఒకేచోట. ఆ కాలు ఎంత నొక్కిందో చూసే సెన్సారు అరిగితే సరిగ్గా ఆ చోటే అరగాలి. తను తొక్కేది మొరటు తొక్కుడు, ఆ చోటు మీద ఒక్కసారీ నిలవలేదు. తోడల్లుడిదీ కుర్రకాలే, అదీ నిలవలేదు. అందుకే ఇద్దరికీ దొరకలేదు.

షెడ్డుకు తెచ్చి సెన్సారు విప్పాడు. కరెంటు కొలిచే తన పాత ముల్లు మీటరు తగిలించి, వేలితో సెన్సారును అంగుళంలో వందో వంతు చొప్పున తిప్పాడు. ముల్లు మెల్లగా లేస్తూ లేస్తూ ఒకచోట టపీమని కిందపడి మళ్లీ లేచింది. వెనక్కి తిప్పాడు. అక్కడే పడింది. కత్తితో మూత ఊడదీస్తే లోపలి నల్లటి పట్టీ మీద వెంట్రుకంత వెడల్పున తెల్లగా అరిగిన గీత. ఆ గీత మీదికి వచ్చినప్పుడల్లా ఇంజనుకు కాలు తీసేసినట్టు కబురు వెళ్తోంది, అది పెట్రోలు తగ్గించేస్తోంది. తప్పుల జాబితాలోకి ఎక్కడానికి ఆ రెప్పపాటు చాలదు, అందుకే మిషనుకు చిక్కలేదు.

కొత్త సెన్సారు బిగించి అత్తగారి చేత ముప్పై కిలోమీటర్లు నడిపించాడు. నలభై అయిదులో. ఒక్కసారీ తూలలేదు. ఆవిడ దారిలోనే ఇద్దరు రోగుల్ని చూసుకుని వచ్చింది.

అంతటితో ఊరుకుంటే ఆయన చెవి మేస్త్రి ఎందుకవుతాడు? పాత సెన్సారును జేబులో వేసుకుని, చొక్కా మార్చుకుని తోడల్లుడి గ్యారేజీకి నడిచాడు. లోపల నలుగురు ఖాతాదార్లు కూర్చునున్నారు. అందరికీ వినబడేలా, "నీ మిషనుకు దొరకని దొంగ ఇదిగో తమ్ముడూ!" అంటూ సెన్సారును బల్ల మీద పెట్టాడు. ఆవిడ కాలి సంగతి, ముల్లు పడిన సంగతి చేతులు తిప్పుతూ చెప్పాడు. ఖాతాదార్లు ఆహా అన్నారు. ఏడేళ్ల మంట ఆ ఒక్క నిమిషంలో చల్లారింది.

మిషను మేస్త్రి సెన్సారును చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు. మసి తుడిచి అక్కడ అచ్చేసిన అంకెలు చదివాడు.

"ఇది ఇరవై రెండేళ్ల క్రితం తయారైంది అన్నయ్యా."

మేస్త్రికి అప్పటికీ వెలగలేదు. "మరి! బండితో వచ్చిందేగా."

"రెండేళ్ల క్రితం మార్చానన్నారు."

గ్యారేజీలో ఎక్కడో గాలి పంపు బుసకొట్టి ఆగింది. ఖాతాదార్లలో ఒకడు వార్తాపత్రిక పైకెత్తుకున్నాడు.

"నేను ఇదే అడిగాను" అన్నాడు తోడల్లుడు. "ఇదే సెన్సారు, పేరు పెట్టి అడిగాను. మీరు మార్చానన్నారని వదిలేశాను. నా చేతకానితనం వల్లే అత్తయ్య లారీ కింద పడబోయిందని రెండ్రోజుల నుంచి తిండి తినలేదు. మీరు మనిషేనా? ఆవిడకేమన్నా అయ్యుంటే? బయటికి నడవండి!"

అతను అరవగా అంతకుముందు ఎవరూ వినలేదు. మేస్త్రికి ముందు వింతగా ప్రాణం లేచొచ్చింది. వీడికీ కోపమొస్తుంది, వీడూ నోరు పారేసుకుంటాడు, దొరికింది తప్పు అనుకున్నాడు. గుమ్మం దాటి నాలుగడుగులు వేశాక గానీ, అతను అన్నదాంట్లో ఒక్క ముక్కా తప్పు లేదని తలకెక్కలేదు. అక్కడే రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాడు.

రోజులు గడిచాయి. అత్తగారి దగ్గర్నుంచి నిలదీసే మాటేదీ రాలేదు. పైగా ఆవిడ ఫోన్ చేసి, "అసలు పట్టుకుంది మీరేనని చిన్నల్లుడు చెప్పాడు బాబూ, తెగ మెచ్చుకున్నాడు" అంది. అంటే వాడు చెప్పలేదు. దాచాడు. తిట్టినవాడు తిట్టినట్టుంటే బాగుండేది. ఇప్పుడు తన పరువు వాడి దయ మీద నిలబడింది. వాడి మంచితనం మీద పుట్టినంత అసూయ వాడి లిఫ్టు మీద కూడా పుట్టలేదు మేస్త్రికి.

ఆ ఆదివారం భార్యను వెంటబెట్టుకుని వెళ్లి, అత్తగారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. మంచి మనసుతో చెప్పాడని నేననను. ఆ ఉపకారం తోడల్లుడి దగ్గర ఉండిపోవడం భరించలేక చెప్పాడు. ఎలా చెప్పినా చెప్పడం చెప్పాడు.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మీరు అబద్ధమాడింది నాతో కాదుగా బాబూ, నా ప్రాణంతో" అంది. "కొన్నాళ్లు మా ఇంటికి రాకండి."

భార్య దారిపొడుగునా ఆయనకు నాలుగడుగుల ముందే నడిచింది. ఇంట్లో వారం రోజులు "అన్నం పెట్టాను", "నీళ్లు కాగాయి" తప్ప ఇంకో మాట వినబడలేదు. మేస్త్రి ఒకరోజు తోడల్లుడి గ్యారేజీకి వెళ్లి, ఎవరూ లేకుండా చూసి, "తప్పయిపోయింది తమ్ముడూ" అన్నాడు. అతను పని ఆపకుండానే, "సరే అన్నయ్యా" అన్నాడు. దగ్గరికి తీసుకోనూ లేదు, పొమ్మననూ లేదు.

రెండు నెలల పాటు ఆ కారు తోడల్లుడి దగ్గరికే వెళ్లింది. ఆయిలు అక్కడే మార్పించుకుంది, బంపరు అక్కడే సరిచేయించుకుంది. మేస్త్రి రోడ్డు మీద ఆ కారు కనబడితే పక్కకు తప్పుకుని, ఇంజను మాత్రం వినేవాడు. బాగానే ఉండేది. బాగుండడం కూడా బాధగానే ఉండేది.

ఒక శుక్రవారం పొద్దున్న అది షెడ్డు ముందాగింది. ఆవిడ దిగలేదు. అద్దం సగం దించింది.

"ఈ తలుపు పడటం లేదు. తాడుతో కట్టుకుని వచ్చాను."

మేస్త్రి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "దిగండత్తయ్యా, లోపల కుర్చీ వేస్తాను."

"అక్కర్లేదు. చిన్నల్లుడు ఊళ్లో లేడు, అందుకని వచ్చాను."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన తల వంచుకుని తాడు విప్పాడు. గొళ్లెం అరిగింది. అరగంట పని.

"ఇది కంపెనీదేనా, ఎప్పుడైనా మార్చారా?" అని అడిగింది ఆవిడ, ఎటో చూస్తూ.

"కంపెనీదే అత్తయ్యా" అన్నాడు మేస్త్రి. "ఇరవై రెండేళ్లుగా దీన్ని నేను ముట్టుకోలేదు."

ఆవిడ ఇంజను ఆపి తాళాలు తీసింది. తర్వాత తలుపు తీసుకుని కిందికి దిగి, "ఏదీ, ఆ కుర్చీ వెయ్యండి" అంది.